ముప్పై ఆరు గళ్ళ మొహం

"మొహం అంటే ఏటిరా? ముప్పై ఆరు గళ్ళు. అంతే."

మా మాస్టారు చెప్పిన మొదటి పాఠం ఇది. 1991లో ఇంటర్ తప్పి, ఇంట్లో నాన్నకి ఎదురుపడే ధైర్యం లేక, వైజాగ్‌లో జగదాంబ జంక్షన్ దగ్గర ఓ సందులో ఉన్న ఆయన షెడ్డులో చేరాను. షెడ్డంటే పైన రేకులు, ముందు వేలాడే గోనెపట్టా, లోపల ఇరవై అడుగుల గోడ. ఆ గోడకి గుడ్డలు బిగించి సినిమా బ్యానర్లు వేసేవారు. ఊళ్ళోకి కొత్త బొమ్మ వస్తోందంటే అందరికంటే ముందు మాకే తెలిసేది. హీరోగారి మొహం మా షెడ్డులో పుట్టి, రిక్షా ఎక్కి, తర్వాతే థియేటర్ గేటు మీదకి చేరేది.

స్టిల్ ఫొటో మీద సన్నటి పెన్సిలుతో అడ్డంగా ఆరు వరసలు, నిలువుగా ఆరు వరసలు గీసుకునేవాళ్ళం. గుడ్డ మీద కూడా అవే ముప్పై ఆరు గళ్ళు, కాకపోతే ఒక్కో గడీ అడుగు. దారానికి సుద్దపొడి పట్టించి ఇద్దరం చెరో కొసా బిగించి పట్టుకుంటే, మాస్టారు మధ్యలో రెండు వేళ్ళతో ఎత్తి వదిలేవారు. టప్ మని గీత పడేది. ఫొటోలో కనుబొమ్మ మూడో వరస రెండో గడిలో మొదలైతే, గుడ్డ మీదా అక్కడే మొదలవ్వాలి. ఆ గడిలో ఏముందో అదే గియ్యాలి తప్ప, అది కన్నా, ముక్కా, మీసమా అని ఆలోచించకూడదు. "కన్ను అనుకున్నావనుకో, నీకు తెలిసిన కన్ను గీసేస్తావు" అనేవారు. ఆ మాటలో ఎంత లోతుందో అప్పుడు తెలీదు. అప్పటికి నా పనల్లా దారం కొస పట్టుకోవడం, బ్రష్షులు కిరసనాయిల్లో కడగడం, టీలు తేవడం.

ఏడాదికి రంగు ముట్టుకోనిచ్చారు. బ్యానర్ రంగులు దగ్గర్నుంచి చూస్తే భయం వేస్తుంది. బుగ్గ కింద నీడకి ఆకుపచ్చ, గడ్డం కింద ఊదా, ముక్కు పక్కన గులాబీ పట్టీ. మనిషి మొహానికి పచ్చరంగేమిటని నేను మెల్లిగా గోధుమరంగు పూసేవాణ్ణి. మాస్టారు తిట్టలేదు. గోనెపట్టా ఎత్తి, "రోడ్డు దాటి చూసిరా" అన్నారు. జగదాంబ జంక్షన్లో రోడ్డు దాటడమంటే అప్పుడూ చిన్న పని కాదు. సిటీ బస్సుల మధ్యలోంచి అవతల గట్టుకి చేరి వెనక్కి తిరిగి చూస్తే, నేను పూసిన సగం మొహం బురద ముద్దలా ఉంది. ఆయన పచ్చా ఊదా వేసిన సగం మాత్రం ఊపిరి పీల్చుకుంటున్నట్టు నిగనిగలాడుతోంది. ఆ రోజు మొత్తం మీద పదకొండుసార్లు రోడ్డు దాటాను. మూలనున్న సోడా బండి ఆయన నాకేదో పిచ్చి పట్టిందనుకున్నాడు.

అలా ఏడేళ్ళు. ఆ ఏడేళ్ళలో ఎంతమంది హీరోల మొహాలు గీశానో లెక్కలేదు గానీ, వాటిలో నాదనిపించిన గీత ఒక్కటీ లేదు.

1998లో పెద్ద వాల్తేరులో ఒక పాత ఇంటి మేడ మీద గది అద్దెకి తీసుకున్నాను. పది అడుగులు బై పన్నెండు, నెలకి నాలుగు వందలు. ఇంటావిడని మామ్మగారు అనేవాణ్ణి. "మందు కొట్టకూడదు, నీచు వండకూడదు, మేకులు కొట్టకూడదు" అని మూడు షరతులు పెట్టారు. మూడోది మొదటి వారంలోనే తప్పాను. తూర్పు వైపు పెద్ద కిటికీ ఉంది, దూరంగా సముద్రం ఓ గీతలా కనిపిస్తుంది. చూసి మురిసిపోయి అడ్వాన్సు ఇచ్చేశాను. పొద్దున్న ఆరున్నరకి ఎండ నేరుగా కాన్వాసు మీద పడి కళ్ళు బైర్లు కమ్మితే గానీ, బొమ్మలు వేసేవాడికి ఉత్తరం కిటికీ ఎందుకు కావాలో అర్థం కాలేదు. ఉత్తరం నుంచి వచ్చే వెలుగు రోజంతా దాదాపు ఒకేలా ఉంటుంది. తూర్పు వెలుగు గంటకో వేషం వేస్తుంది. చివరికి మామ్మగారి పాత పంచె ఒకటి అడిగి కిటికీకి కట్టాను. పది గంటల దాకా పంచె, ఆ తర్వాత పంచె పైకి. పదమూడేళ్ళు అదే నా గడియారం.

డబ్బుల్లేవు కాబట్టి కాన్వాసు కొనేవాణ్ణి కాదు, చేసుకునేవాణ్ణి. పూర్ణా మార్కెట్లో ముతక కోరా గుడ్డ, అక్కడే హార్డ్‌వేర్ కొట్టులో తెల్లటి జింక్ ఆక్సైడ్ పొడి, ఫెవికాల్. వడ్రంగి చేత చెక్క ఫ్రేమ్ చేయించుకుని, గుడ్డని ముందు నాలుగు వైపులా మధ్యలో బిగించి, అక్కణ్ణుంచి మూలలకి జరుపుకుంటూ మేకులు కొట్టాలి. మూలల నుంచి మొదలుపెడితే మధ్యలో పొట్ట వస్తుంది. బిగువు సరిపోయిందో లేదో వేలితో కొడితే తెలుస్తుంది, డప్పులా మోగాలి. తర్వాత జింక్ పొడీ ఫెవికాలూ నీళ్ళూ కలిపి మూడు పూతలు. ఇదంతా ఏ ఊళ్ళో అయినా ఒకటే. వైజాగ్‌లో అదనంగా ఇంకో శత్రువు ఉంది: ఉప్పుగాలి. మామూలు ఇనప మేకులు ఆరు నెలలకే తుప్పు పట్టి, ఆ తుప్పు గుడ్డలోకి దిగి, తెల్లటి పూత మీద తమలపాకు ఉమ్మిన మరకల్లా తేలేది. వానాకాలం వస్తే కాన్వాసులు చెమ్మకి వదులైపోయేవి. గోడకి ఆనించిన బొమ్మల వెనక బూజు. సీసాల కార్కు ముక్కలు కోసి ఫ్రేముల వెనక నాలుగు మూలలా అంటించుకుంటే గోడకీ బొమ్మకీ మధ్య గాలి ఆడుతుందని ఎవరో చెబితే, ఊళ్ళో మందుల షాపులన్నీ తిరిగి కార్కులు పోగుచేశాను. మామ్మగారికి మొదటి షరతు మీద అనుమానం వచ్చింది.

సినిమా బ్యానర్ల పని కూడా అప్పటికింకా ఉంది. 2000 దాటాక ఫ్లెక్సీ మిషన్లు దిగాయి. మూడు రోజుల పని మూడు గంటల్లో, అదీ ఫొటోలా. రెండు మూడేళ్ళలో సందులో షెడ్లన్నీ ఒక్కొక్కటీ మూతపడ్డాయి. మాస్టారు కొన్నాళ్ళు బండ్ల నంబరు ప్లేట్లు రాశారు, కొన్నాళ్ళు గుళ్ళ గోపురాలకి రంగులు వేశారు. నాకు తిండి పెట్టింది మాత్రం పోయినవాళ్ళ ఫొటోలు.

నవ్వకండి. దండ వేసే పటాలు. ఇంట్లో పెద్దవాళ్ళు పోతే ఉన్న ఒక్క పాస్‌పోర్టు ఫొటో తెచ్చి, పెద్దది గీసిమ్మనేవారు. పన్నెండు బై పదహారు ఆయిల్ పటానికి పన్నెండు వందలు. గళ్ళ విద్య చేతిలో ఉంది కదా, రెండు రోజుల్లో అచ్చు గుద్దినట్టు దించేసేవాణ్ణి. చొక్కా మార్చమనేవారు, జుట్టు నల్లగా చెయ్యమనేవారు, ఒకాయన వాళ్ళ నాన్నకి ఎప్పుడూ లేని కళ్ళజోడు పెట్టమన్నాడు, చదువుకున్నవాడిలా కనిపించాలని. అన్నీ చేశాను.

కంచరపాలెం నుంచి ఒకావిడ వచ్చింది. 2001 అనుకుంటాను. భర్త రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి పోయాడు. పక్కన పదేళ్ళ కొడుకు. చేతిలో ఐడెంటిటీ కార్డు నుంచి పీకిన ఫొటో, మూలన స్టాంపు సిరా మరక. వారం తర్వాత పటం తీసుకోడానికి వచ్చింది. నేను గర్వంగా గుడ్డ తీశాను. మరక పడిన చోట కూడా భుజం చక్కగా కలిపాను మరి. ఆవిడ కాసేపు చూసి, దగ్గరకొచ్చి, మళ్ళీ వెనక్కి వెళ్ళి చూసి అంది:

"ఆ ఫొటోలో ఊపిరి బిగబట్టేసినాడు బాబూ. కదలొద్దని ఫొటో తీసినోడు గదమాయించినాడంట. నువ్వూ అలగే బిగబట్టించీసినావు."

నాకు కోపం వచ్చింది. ఫొటోలో ఉన్నదే కదా గీశాను అన్నాను. "అవును బాబూ, పొటోలో అలగే ఉన్నాడు" అని ఒప్పుకుంది. ఒప్పుకుని కూడా అక్కడే నించుంది. మరెలా ఉండేవాడని అడిగాను, విసుగ్గానే. ఆవిడకి చెప్పడం రాలేదు. తలుపు గుమ్మానికి ఆనుకుని, ఒక భుజం కిందకి వదిలేసి, నోరు కొంచెం తెరిచి, "డ్యూటీ దిగొచ్చి ఇలగ నిలబడేవోడు, అన్నం పెట్టీదాకా" అని చూపించింది. పిల్లాడు పకపకా నవ్వాడు, నాన్న అచ్చం అలాగే నిలబడేవాడని. ఆవిడా నవ్వేసింది. నేను పెన్సిలు తీసుకున్నాను. గళ్ళు లేవు. ఎదురుగా గుమ్మంలో భర్తలా నించున్న భార్య, ఆమె మెడ దగ్గర వదులైన కండరం, పక్కన ఫొటోలో బిగబట్టిన మొహం. రెంటినీ కలిపి కాగితం మీద ఏడెనిమిదిసార్లు తప్పు గీసి, చివరికి పై పెదవికీ కింది పెదవికీ మధ్య గోరంత సందు వదిలాను. పటంలో పాత మూతి గీకేసి మళ్ళీ వేశాను. ఇంకో నాలుగు రోజులు పట్టింది. అదనంగా డబ్బులు అడగలేదు. అడగాలనిపించింది గానీ నోరు రాలేదు.

మాస్టారు చెప్పింది అబద్ధం కాదు. ముప్పై ఆరు గళ్ళలో మొహం మొత్తం వస్తుంది. ఊపిరి మాత్రం ఏ గడిలోనూ పట్టలేదు. అప్పటి నుంచి నాకు కుదురు పోయింది.

పొద్దున్నే నాలుగున్నరకి లేచి ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళడం మొదలుపెట్టాను. బోట్లు వచ్చే వేళకి అక్కడ ఎవరూ క్షణం నిలబడరు. బుట్ట ఎత్తుతున్న మనిషిని గీద్దామని తల వంచి రెండు గీతలు గీసి తలెత్తేసరికి ఆ బుట్ట వేలంలో అమ్ముడైపోయి ఉండేది. మొదటి నెల పుస్తకం నిండా చేతులు లేని మనుషులు, మనుషులు లేని బుట్టలు. తర్వాత తర్వాత తెలిసింది, బరువు ఎక్కడ ఆగిందో ఆ ఒక్క గీత ముందు పట్టుకోవాలని. తల మీద బుట్ట ఉన్న ఆడమనిషికి నడుం దగ్గర ఓ వంపు వస్తుంది. అది దొరికితే చీరా చేతులూ ఇంటికొచ్చి గీసుకున్నా ఫర్వాలేదు. జాలరిపేటలో వలలు బాగుచేసేవాళ్ళు కొంచెం నయం, కూర్చుని ఉంటారు. అక్కడ ఒకామె, "నన్ను గీసుకుని అమ్ముకుంటావు గదా, నాకేటిస్తావు?" అని నిలదీసి, ఊళ్ళో ఎనభై ఉన్న చేపలు నాకు నూట ఇరవైకి అంటగట్టింది. న్యాయమే అనిపించి కొన్నాను. నీచు తెచ్చానని మామ్మగారు రెండో షరతు గుర్తు చేశారు.

2002లో ఒకరోజు పొద్దున్నే రైలెక్కి రాజమండ్రి వెళ్ళి చిత్రకారుడు దామెర్ల రామారావు గారి గ్యాలరీ చూశాను. ఆ పేరు మాస్టారు నోట విన్నదే. 1897లో పుట్టి 1925లో మశూచితో పోయారు, నిండా ఇరవై ఎనిమిదేళ్ళు కూడా నిండలేదు. కూల్డ్రే దొర అనే ప్రిన్సిపాల్ ఆ కుర్రాడి చేతిలో విద్య కనిపెట్టి ప్రోత్సహించాడట, తర్వాత బొంబాయి వెళ్ళి చదువుకున్నారు. నాకప్పుడు సరిగ్గా ఇరవై ఎనిమిది. ఆ నీటిరంగుల ముందు నిలబడి రోడ్డు దాటి చూసే అలవాటు కొద్దీ వెనక్కి వెనక్కి నడిచాను. అవి దూరం నుంచి అరిచే బొమ్మలు కావు, దగ్గరికి రమ్మనే బొమ్మలు. ఒక్కో రంగు మీద ఇంకో పల్చటి రంగు, అడుగున ఉన్నది కనిపిస్తూనే. నా ఇరవై అడుగుల హీరోలు గుర్తొచ్చి సిగ్గేసింది, తర్వాత ఎందుకు సిగ్గుపడాలనీ అనిపించింది. తిరుగు రైల్లో తుని దాటేదాకా ఈ రెండూ కొట్టుకుంటూనే ఉన్నాయి.

నేను ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో చదవలేదు. ఆ లోటు ఎక్కడ బయటపడిందంటే, ఒక డాక్టర్ గారింటి హాలుకి వేసిన ఆరడుగుల బొమ్మలో. రాత్రి వేళ యారాడ కొండ, మీద లైట్‌హౌస్. (డాల్ఫిన్ నోస్ అంటే గానీ టూరిస్టులకి తెలీదు, మా అమ్మకి మాత్రం అది యారాడ కొండే.) నల్లటి ఆకాశానికి నలుపులో లిన్సీడ్ నూనె, అంటే అవిసె నూనె, బాగా పోసి దట్టంగా పూశాను, నిగనిగలాడాలని. అది ఆరకుండానే పైన టర్పెంటైన్ కలిపిన పల్చటి రంగులు వేసేశాను, గృహప్రవేశం ముహూర్తం తరుముకొస్తోంది మరి. ఎనిమిది నెలలకి ఫోను. వెళ్ళి చూస్తే ఆకాశం మొత్తం ఎండిన చెరువులా నెర్రెలు బారి ఉంది. నూనె ఎక్కువున్న పొర నెమ్మదిగా ఆరుతుంది, కింద అది ఇంకా కదులుతుంటే పైన ముందే ఆరి బిగుసుకున్న పొర చిట్లిపోతుంది. అందుకే కింద నూనె తక్కువ, పైపైకి నూనె ఎక్కువ ఉండాలి. యూనివర్సిటీలో ఫైన్ ఆర్ట్స్ చదివే కుర్రాడొకడు ఈ సంగతి టీ తాగుతూ రెండు ముక్కల్లో చెప్పాడు. మొదటి సంవత్సరంలోనే చెప్తారంట. నాకు పన్నెండేళ్ళు పట్టింది, ఇరవై వేలు వెనక్కిచ్చాను. బొమ్మ గదికి తెచ్చి నెర్రెలు గీకుతుంటే, చూడ్డానికొచ్చిన మాస్టారు గుమ్మంలో నిలబడి, "ఏటిరా, అక్షయ తృతీయ ఇంకా రాలేదు, అప్పుడే చందనం ఒలుస్తున్నావు?" అన్నారు. సింహాచలం అప్పన్న చందనం ఏడాదికోసారి ఒలుస్తారు. నేను ఆ సంవత్సరం నాలుగు బొమ్మలు ఒలిచాను.

బీచ్ రోడ్డులో ఒక లాడ్జి వాళ్ళు నలభై గదులకి నలభై బొమ్మలు అడిగారు. అన్నీ ఒకటే: సముద్రంలో సూర్యాస్తమయం, ముందు రెండు కొబ్బరిచెట్లు. "సార్, వైజాగ్‌లో సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, కొండల వెనక కుంగుతాడు" అన్నాను. "ఆరెంజ్ కలర్ ఉండాలి, మిగతాది ఎవడు చూస్తాడండీ" అన్నారు. వేశాను. నలభై వేశాను. సగం బొమ్మల డబ్బులు ఇప్పటికీ రాలేదు. అయితే ఆ గొడవ వల్ల సాయంత్రాలు సముద్రం వైపే చూస్తూ నిలబడటం అలవాటైంది. మన ఊళ్ళో సూర్యుడు వీపు వెనక దిగిపోతుంటే, ఎదురుగా సముద్రం మీద ఒక బూడిద నీలం పట్టీ లేస్తుంది, దాని పైన లేత గులాబీ పట్టీ. ఆ నీలం భూమి నీడే. పావుగంటలో రెండూ కలిసిపోతాయి. బీచ్‌లో వందలమంది ఆ వేళకి మొక్కజొన్న పొత్తులు తింటూ ఉంటారు, ఆ పావుగంటని పట్టించుకున్నవాణ్ణి నేను చూడలేదు. ఆ రెండు పట్టీలూ పట్టుకోవడానికి నాకు మూడేళ్ళు పట్టింది. గులాబీ ఎప్పుడూ మిఠాయిలా వచ్చేది. అందులో రవ్వంత పచ్చ కలిపితే దారికొచ్చింది. పచ్చ కలపమని చెప్పింది ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

మట్టి సంగతి కూడా ఒకటి చెప్పాలి. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు చూసినప్పుడల్లా నాకు నోరూరేది. ట్యూబులో దొరికే ఇండియన్ రెడ్ ఎందుకో అంత సజీవంగా ఉండదు. దిబ్బల్లో మట్టి మాత్రం ముట్టుకోలేదు, అది వేల ఏళ్ళుగా నిలిచిన ఆస్తి, నా బోటివాళ్ళు తలో సంచీ మోస్తే మిగలదు. మధురవాడలో ఒక అపార్టుమెంటు పునాదులు తవ్వుతుంటే మేస్త్రీని అడిగి రెండు బొచ్చెల మట్టి తెచ్చుకున్నాను. బకెట్లో కలిపి, ఇసక అడుక్కి దిగగానే పైనున్న ఎర్రనీళ్ళు గుడ్డలోంచి ఇంకో బకెట్లోకి వంచి, రెండ్రోజులు కదపకుండా వదిలెయ్యాలి. పైన తేరుకున్న నీళ్ళు పారబోస్తే అడుగున వెన్నలాంటి బురద. దాన్ని పళ్ళేల్లో పోసి మేడ మీద ఎండబెట్టాను. మామ్మగారు వడియాలనుకున్నారు. ఎండిన పెళ్ళల్ని పొడి చేసి, గాజుపలక మీద లిన్సీడ్ నూనె చుక్కచుక్కగా వేస్తూ, అడుగు నున్నగా ఉన్న గాజు పేపర్‌వెయిట్‌తో నూరాలి. సవ్వడిని బట్టి తెలుస్తుంది: మొదట కరకర, గంటకి సరసర, రెండు గంటలకి ఏ చప్పుడూ ఉండదు. మూడు రోజుల కష్టానికి అరచేతిలో పట్టేంత రంగు. అది వేసుకున్న బొమ్మ అమ్మాలంటే మాత్రం ప్రాణం ఒప్పదు. ఒకటి ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది, మా ఆవిడ దాన్ని "ఆ మట్టి బొమ్మ" అంటుంది.

2006లో మేం నలుగురం కలిసి ఒక హాలు అద్దెకి తీసుకుని బొమ్మలు పెట్టాం. నావి తొమ్మిది. ఒకటి అమ్ముడైంది, మూడున్నర వేలకి, కొన్నది మా బావగారు. మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. ఒక్కో బొమ్మ ముందు నిలబడి, వెనక్కి నడుస్తూ నడుస్తూ గోడకి తగిలి ఆగారు. "ఇక్కడ రోడ్డు లేదేటిరా?" అన్నారు. నా గదిలో అంత దూరం లేదు కాబట్టి అద్దం పెట్టుకుంటాను మాస్టారూ, అద్దంలో చూస్తే దూరం రెట్టింపవుతుంది, బొమ్మ తిరగబడి తప్పులు కూడా తెలుస్తాయి అని చెప్పాను. ఆయన తల ఊపి, "ఈ తెలివి అప్పుడుంటే పదకొండుసార్లు రోడ్డు దాటేవోడివి కాదు" అన్నారు. ఆయన లెక్కపెట్టారని నాకప్పుడే తెలిసింది. ఆ తర్వాతి ఏడాది ఆయన పోయారు. ఆయన మొహం నేను గీయలేదు. చాలాసార్లు కూర్చున్నాను గానీ కుదరలేదు.

2011లో మామ్మగారిల్లు అమ్మేశారు, లాసన్స్ బే కాలనీ వైపు ఒక మేడ గదికి మారాను. ఇది ఉత్తరం కిటికీ. సంబరపడ్డాను. 2014 అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ తుఫాను ఆ కిటికీని చెక్కతో సహా పీక్కెళ్ళింది.

ముందురోజు కాన్వాసులన్నీ గది మధ్యకి లాగి పైన టార్పాలిన్ కప్పాను. తెలివైన పనే అనుకున్నాను. మధ్యాహ్నానికి టార్పాలిన్ ఎక్కడికెళ్ళిందో ఈనాటికీ తెలీదు. మేం కింద ఇంట్లో తలుపుకి మంచం అడ్డం పెట్టి కూర్చున్నాం. పైన ఏదో దొర్లుతున్న చప్పుడు. బొమ్మ నిలబెట్టే ఈజిల్ అని నాకు తెలుస్తూనే ఉంది. లేవబోతే మా ఆవిడ చొక్కా పట్టుకుని లాగింది. సాయంత్రం గాలి తగ్గాక వెళ్ళి చూస్తే మోకాలి కింద దాకా నీళ్ళు, అందులో ట్యూబులు, చెప్పులు, ఎవరిదో సైన్‌బోర్డు ముక్క. ఆయిల్ బొమ్మలు చాలావరకు తట్టుకున్నాయి. పోయింది కాగితం. హార్బర్‌లో గీసిన పన్నెండేళ్ళ స్కెచ్ పుస్తకాలు ఉప్పునీళ్ళు తాగి ఒక్కటే ముద్దయ్యాయి. పేజీ విప్పబోతే ఊడి వస్తోంది. ఇటుకలా గట్టిపడిన ఆ ముద్ద ఇప్పటికీ గదిలో ఉంది, తలుపు కొట్టుకోకుండా అడ్డం పెడతాను.

కరెంటు లేదు, ఫోను లేదు. నాలుగో రోజు పొద్దున్న బయటికొచ్చి కైలాసగిరి వైపు చూస్తే, కొండ గుర్తుపట్టలేనట్టుంది. ఆకులన్నీ రాలిపోయి, మిగిలినవి మాడి, కొండంతా టీ డికాషన్ రంగు. ఊళ్ళో ఎటు చూసినా అదే. ఇరవై ఏళ్ళుగా కొండ అనగానే నా చెయ్యి సాప్ గ్రీన్ ట్యూబు మీదకి వెళ్ళేది, చూడకుండానే. నాకు తెలిసిన కొండ గీసేస్తున్నానన్నమాట. ఆ రోజు ఆ ట్యూబు మూత తియ్యడానికి లేదు. తడి ఆరిన ఆరు కాన్వాసుల మీద బర్న్ట్ అంబర్, రా అంబర్ అనే గోధుమరంగులు, తెలుపు, మధురవాడ మట్టి, అంతే, ఆరు బొమ్మలు వేశాను. నా పనిలో ఏమైనా నిలుస్తుందంటే ఆ ఆరే అని నా అభిప్రాయం. వాటిని కొనడానికి మాత్రం ఎవరూ రాలేదు, ఊళ్ళో అందరికీ తుఫాను మర్చిపోవాలని ఉంది. 2016 ఫిబ్రవరిలో నౌకాదళ సమీక్షకి ఊరంతా ముస్తాబవుతున్న రోజుల్లో ఒక బడి వాళ్ళు అరవై అడుగుల ప్రహరీగోడ ఇచ్చి బొమ్మలు వెయ్యమన్నారు. బడి పిల్లలు ఇద్దరికి దారం చెరో కొస ఇచ్చి, సుద్దపొడి పట్టించి, మధ్యలో రెండు వేళ్ళతో ఎత్తి వదిలాను. అంత గోడకి గళ్ళు లేకుండా కుదరదు.

తుఫాను వెళ్ళిన రెండు నెలలకి కంచరపాలెం నుంచి ఒక కుర్రాడు పాత పటం చంకలో పెట్టుకుని వచ్చాడు. స్టీలుప్లాంటులో కాంట్రాక్టు పని చేస్తున్నాడట. పటం చూడగానే గుర్తుపట్టాను. రేకుల్లోంచి కారి, కింది మూలన పూత పొంగి లేచింది. పదమూడేళ్ళ నాటి నా పని చూస్తుంటే చెయ్యి ఊరుకోలేదు. చెవి తప్పు, చొక్కా కాలరు ఘోరం. సరిచేసిస్తాను, డబ్బులేం వద్దన్నాను. "వద్దండి, మరక తప్ప ఇంకేటీ ముట్టుకోవద్దని మా అమ్మ మరీ మరీ చెప్పింది" అన్నాడు. మరకే తుడిచిచ్చాను.

2018లో మళ్ళీ వచ్చాడు. ఈసారి అమ్మ పోయింది. నాన్న పటం పక్కన పెట్టడానికి అమ్మ పటం కావాలి. ఉన్నది ఆధార్ కార్డు ఒక్కటే. ఆ ఫొటోలు ఎలా ఉంటాయో తెలిసిందే కదా, నేరస్థుల్లా. ఆవిడా ఊపిరి బిగబట్టేసింది. ఫొటో పక్కన పెట్టేశాను. గుమ్మానికి ఆనుకుని, భుజం వదిలేసి, మొగుణ్ణి అనుకరించి చూపించి, కొడుకు నవ్వుతుంటే తనూ నవ్వేసిన మనిషి నాకు తెలుసు. ఆ నవ్వు అయిపోవస్తున్నప్పటి మొహం వేశాను. గళ్ళు వెయ్యలేదు. మూడు వారాలు పట్టింది. చీర రంగు, ముక్కుపుడక లాంటివి మాత్రం కార్డులో చూసి వేసుకున్నాను.

కుర్రాడు వచ్చాడు. గుడ్డ తీశాను. చాలాసేపు మాట్లాడలేదు. వెనక్కి నడిచి మెట్ల దాకా వెళ్ళి మళ్ళీ వచ్చాడు. "మా అమ్మేనండి" అన్నాడు. తర్వాత కొంచెం మొహమాటపడుతూ, "ముక్కుకి రెండు పక్కలా ఉండేవండి పుడకలు. మీరొకటే ఏశారు" అన్నాడు.

ఆవిడని ఎదురుగా నిలబెట్టుకుని గంటసేపు చూసినవాణ్ణి, నాకు ఆ రెండోది గుర్తు లేదు. ఆధార్‌లో ఒకటే కనిపిస్తోంది కదయ్యా అన్నాను.

"అది దిగినప్పుడు రెండోది తాకట్టులో ఉందండి."

ఎల్లో ఓకర్ ట్యూబు మూత బిగుసుకుపోయింది, అగ్గిపుల్ల వెలిగించి వేడి చేసి తిప్పాను. సన్నటి బ్రష్షుతో కుడి ముక్కుపుటం మీద ఓకర్ చుక్క పెట్టి, దాని మీద ఆవగింజలో సగం తెలుపు పెట్టాను. తడిగా ఉంది, వారం ఆగి తీసుకెళ్ళమన్నాను. వినలేదు. పటం ఒడిలో నిలువుగా పట్టుకుని ఆటో ఎక్కాడు, గాలికి దుమ్ము అంటకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని.